సొట్టపడిన బంపరూ, రూపాయి లెక్కా

సందేహం: అన్నా, మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర. డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. రివర్స్ చేస్తుంటే నా సెకండ్ హ్యాండ్ కారు వెనక బంపర్ స్తంభానికి తగిలి లోపలికి పోయింది. షాపువాడు మార్చాలి, 1,300 డాలర్లు అంటున్నాడు. నాన్నేమో "ఇక్కడైతే రెండు వేలకి అయిపోద్ది" అంటున్నారు. బాగు చేయించాలా, మార్చాలా?

జవాబు: తమ్ముడూ, సంక్రాంతికి శ్రీకాకుళం వచ్చి ఉన్నాను, ఇక్కణ్ణుంచే రాస్తున్నాను. మొన్న ఏడు రోడ్ల జంక్షన్‌లో ఒక ఆటో మా బావమరిది కారు బంపర్‌ని గీరుకుంటూ పోయింది. టింకరింగ్ షెడ్డులో కుర్రాడు బంపర్ ఊడదీసి, సొట్ట మీద మరిగే నీళ్లు పోసి, లోపలి నుంచి రెండు బొటనవేళ్లతో నొక్కాడు. టక్కున పైకొచ్చింది. గీతల మీద రంగుతో కలిపి 2,200 రూపాయలు. మీ నాన్నగారు చెప్పింది అబద్ధం కాదు.

కానీ అది ఇక్కడి లెక్క. ఇక్కడ కూలి చవక, సామాను ప్రియం, అందుకే విరిగినదాన్నైనా అతికిస్తారు. అక్కడ గంటల లెక్కన కూలి. నాలుగు గంటలు కూర్చుని సాగదీసే బదులు కొత్తది బిగించడమే వాళ్లకి సులువు. ఇది అర్థం కావడానికి నాకు ఒక కారు ఖర్చయింది.

2009లో నా మొదటి కారు పాత కొరోల్లా, 4,200 డాలర్లు. దాచుకున్నదంతా అందులోనే పెట్టాను. మూడో నెలలో కూరగాయల కొట్టు బయట సిమెంటు దిమ్మకి గుద్దాను. ముందు బంపర్ వంగింది. షాపులో 1,100 అన్నారు. డాలరు అప్పుడు 48 దగ్గర ఉండేది. అక్కడే నిలబడి ఫోన్లో గుణించాను: 52,800. గుండె జారిపోయింది. వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు ఒక కట్ట కొని, బంపర్‌కి చిల్లులు పెట్టి తొమ్మిది చోట్ల కుట్టేశాను. పది డాలర్లు కూడా కాలేదు. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి గొప్పలు పోయాను.

రెండు నెలలకి సిగ్నల్ దగ్గర ముందున్న పికప్ ట్రక్కు కొక్కేనికి తగిలాను. మనిషి నడిచే వేగం, అంతే. ట్రక్కాయన దిగి చూసి, తన బండికేం కాలేదని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నా కారు కింద మాత్రం తియ్యటి వాసనతో, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ మడుగు కట్టింది.

మనం బంపర్ అనేది పైన ప్లాస్టిక్ తొడుగే. దాని వెనక దెబ్బ తినడానికి ఫోమ్, ఆ వెనక అడ్డంగా ఇనప బార్ ఉంటాయి. మొదటి దెబ్బకే ఫోమ్ ముక్కలై, బార్ వంగిపోయింది. నేను చొక్కాకి కుట్లేసి, విరిగిన ఎముక వదిలేశాను. రెండో దెబ్బ నేరుగా రేడియేటర్‌కి తగిలింది. రిపేరు 2,300 అన్నారు. నాకున్నది లయబిలిటీ ఇన్సూరెన్సే, సొంత కారుకి పైసా రాదు. తుక్కువాడికి 600కి ఇచ్చి, నాలుగు నెలలు బస్సెక్కాను. మాకు చెప్పేవాడు లేడు, మీ బ్యాచ్‌కి అడగ్గానే చెప్పేవాళ్లం ఉన్నాం.

కాబట్టి ముందు తొడుగు విప్పించి చూడు, దానికి కొంత తీసుకున్నా ఇవ్వు. బార్ తిన్నగా ఉండి, క్లిప్పులు పట్టే చెవులు విరగకపోతే సొట్ట తీయించుకుంటే చాలు. చెవులు విరిగినా, బార్ వంగినా మాట్లాడకుండా మార్చు. బంపర్‌లో సెన్సర్లుంటే వాటిని సరిచేసే ఖర్చు ఆ 1,300లో ఉందో లేదో విడిగా అడుగు, తర్వాత బిల్లులో కలుపుతారు. పాత కార్ల యార్డులో నీ రంగు బంపరే దొరికితే చాలా మిగులుతుంది. రంగు కోడ్ డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద చాలా కార్లకి ఉంటుంది.

ఇన్సూరెన్స్ సంగతి నీ పాలసీ కాగితంలో చూసుకో. డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో ముందు నీ జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా, వెయ్యి ఉంటే క్లెయిమ్‌లో నీకొచ్చేది మూడొందలు. దానికోసం ప్రీమియం పెంచుకోవడం ఎందుకు, నేనైతే చేతి నుంచే పెట్టుకుంటాను.

ఇంత చెప్పినా నాకూ గుణించే జబ్బు పోలేదు. మొన్న షెడ్డులో 2,200ని డాలర్లలోకి మార్చుకుని నవ్వుకుంటుంటే, మా బావమరిది "ఏటి బావా ఆ నవ్వు, ముందు డబ్బులు తియ్యి" అన్నాడు.