పట్‌పాంగ్ బార్లలో బిల్లు మోసం: మెట్లెక్కకముందే తెలుసుకోవలసినవి

బ్యాంకాక్‌లోని పట్‌పాంగ్‌లో డాన్స్ షోలకు వెళ్లినవారిని భారీ బిల్లులతో బెదిరిస్తారట, స్నేహితులతో వెళ్తున్నాం, ఎలా జాగ్రత్తపడాలి అని అడిగారు. హైదరాబాద్, విజయవాడల నుంచి బృందాలను థాయిలాండ్ తీసుకెళ్లడం నా వృత్తి. అలా డబ్బు పోగొట్టుకుని అర్ధరాత్రి నా గది తలుపు తట్టినవారిని చూశాను కాబట్టి రాస్తున్నాను.

సీలోం, సురవాంగ్ రోడ్లను కలిపే చిన్న వీధులే పట్‌పాంగ్. మధ్యలో రాత్రి సంత, ఇరుపక్కలా బార్లు. వీధిలోకి కనబడే కింది అంతస్తు బార్లలో ధర ఎక్కువ కావచ్చు కానీ ఆ ధర ముందే తెలుస్తుంది. అసలు ప్రమాదం మేడ మీద. ప్లాస్టిక్ పూత వేసిన కార్డు చూపిస్తూ ఒక మనిషి మీ వెంట నడుస్తాడు. దాని మీద షోల జాబితా, బీరు వంద బాత్ (థాయ్ కరెన్సీ), ప్రవేశం ఉచితం అని ఉంటుంది. పైకి వెళ్లాక ఆ మాట చెల్లదు. అడగకుండానే అమ్మాయిలు వచ్చి పక్కన కూర్చుంటారు, వారి చేతికి గ్లాసులు వస్తాయి, అవన్నీ మీ లెక్కలో పడతాయి. ఒక్కో షోకూ విడిగా రుసుము వేస్తారు. లేచేసరికి గుమ్మం దగ్గర మనుషులు నిలబడి ఉంటారు.

మా బృందంలోని ఇద్దరు కుర్రవాళ్ల బిల్లు నేను చేత్తో పట్టుకుని చూశాను. తాగింది చెరొక బీరు. కాగితం మీద ఆరు వేల బాత్ అని పెన్నుతో రాసి ఉంది, దేనికెంతో లేదు. పోలీసుల దగ్గరకు వెళ్దాం పదండి అంటే, “వద్దన్నా, ఇంట్లో తెలిస్తే పరువు పోతుంది” అన్నారు. ఈ దందా నడిచేదే ఆ భయం మీద. నచ్చజెప్పి తీసుకెళ్లాను. పర్యాటక పోలీసులు అడిగింది బార్ ఎక్కడ, బిల్లు ఏది అని మాత్రమే. మీరు అక్కడికి ఎందుకు వెళ్లారని ఒక్క మాట అనలేదు. ఒక పోలీసు మాతో బార్‌కు వచ్చాడు, డబ్బులో చాలా భాగం తిరిగి వచ్చింది. అందుకే పర్యాటక పోలీసుల నంబరు 1155ను ఫోనులో ఇప్పుడే పెట్టుకోండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఇంగ్లిష్‌లో మాట్లాడవచ్చు.

దారిలో ఎవరు పిలిచినా, టుక్‌టుక్ డ్రైవరు మంచి చోటు చూపిస్తానన్నా వెళ్లకండి. అతనికి కమీషన్ ముడుతుంది. చూడాలనుకుంటే మీరే ఎంచుకుని వెళ్లండి. బ్యాంకాక్‌లోనే బార్లకు పేరున్న సోయ్ కౌబాయ్, నానా ప్లాజా వంటి చోట్ల మామూలు బార్లలో ప్రతి ఆర్డరు చీటీనీ మీ ముందున్న చిన్న కప్పులో వేస్తారు. చీటీ పడిన ప్రతిసారీ తీసి చూడండి, తేడా ఉంటే అప్పుడే అడగండి. పక్కన కూర్చున్న అమ్మాయికి డ్రింక్ ఇప్పించడం ఇష్టం లేకపోతే మర్యాదగా వద్దని చెప్పండి, సరిపోతుంది. ఆమె మీద విసుక్కోకండి, దొంగ బిల్లు రాసేది ఆమె కాదు.

ఒకవేళ ఇరుక్కుంటే చేయి చేసుకోవద్దు. కార్డు ఇవ్వద్దు, వారి వెంట ఏటీఎంకు వెళ్లద్దు. చెప్పిన ధరకు తాగినదానికి డబ్బు పెట్టి, 1155కు ఫోను చేస్తున్నానని వినబడేలా చెప్పండి. నిజంగా కొడతారనిపిస్తే అడిగింది ఇచ్చి బయటపడండి. బిల్లు మాత్రం వదలకండి, వీధిలోకి రాగానే ఫోను చేయండి. మర్నాడు విమానం ఎక్కాక ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ రాత్రికి ఖర్చు పెట్టదలచినంత నగదే జేబులో ఉంచుకుని, కార్డులు హోటల్ లాకర్‌లో పెట్టండి. వెంట తీసుకెళ్లక తప్పకపోతే బయలుదేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలను ఆపేయండి, మర్నాడు మళ్లీ తెరుచుకోవచ్చు.