బీజకణాలు వృషణాల్లో, అండాశయాల్లో కాక ఇంకెక్కడ పుడతాయి?

వీర్యకణాలకీ అండాలకీ మూలమైన ఈ కణాలు వృషణంలో పుట్టవు, అండాశయంలోనూ పుట్టవు. మన సిక్కోలు వలసల్లాగే పుట్టేది ఒకచోట, స్థిరపడేది ఇంకోచోట. ఇంటర్ పిల్లలు "బీజ ఉపకళ (ఆ అవయవాల్లోని ఒక కణాల పొర) నుంచి" అని బట్టీపట్టి రాసేస్తారు. అసలు ఆ ఉపకళలోకి ఆ కణాలు ఎలా వచ్చాయని అడిగేవాళ్లే లేరు.

కళ్లతో చూడాలంటే కోడిగుడ్డు చాలు. కొట్లో అమ్మే తెల్లగుడ్డు పనికిరాదు. లేయర్ షెడ్లలో పుంజు ఉండదు కాబట్టి అందులో పిండమే ఉండదు. పుంజుతో తిరిగే నాటుపెట్ట గుడ్డు, అదీ పెట్టి వారం దాటనిది కావాలి. 37.5 డిగ్రీల్లో పెట్టి 33–38 గంటల మధ్య తీయాలి. తప్పేది ఇక్కడే. విజయనగరం మే ఎండల్లో గది వేడికే గుడ్డులో పెరుగుదల మొదలైపోతుంది, ఈలోగా కరెంటు పోయిందంటే పిండం వెనకబడుతుంది. అందుకే గడియారాన్ని నమ్మకుండా సోమైట్లు, అంటే పిండం వెన్ను పొడవునా జతలుగా ఏర్పడే కణజాలపు దిమ్మలు, లెక్కపెట్టండి. పది జతలుంటే సరైన దశ.

ఫిల్టర్ పేపర్ ముక్కకు మధ్యలో రంధ్రం చేసి, పిండం అందులో కనపడేట్టు పచ్చసొన మీద పరవండి. చుట్టూ కత్తెరతో కోసి ఎత్తితే పిండం కాగితానికి అంటుకుని వస్తుంది. గోరువెచ్చటి 0.9 శాతం ఉప్పునీటిలో ఊపుతూ పచ్చసొన పూర్తిగా పోయేదాకా కడగాలి, మిగిలిందంటే అదీ రంగు పట్టి మోసం చేస్తుంది. పిండం చెడకుండా నిలపడానికి ఫార్మలిన్ వద్దు, ఆల్కహాల్‌తో చేసే కార్నాయ్ ద్రవం వాడండి. మనం వెతికేది బీజకణాల్లో నిండి ఉండే గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థాన్ని, నీళ్ల ద్రావణాల్లో అది కొంత కొట్టుకుపోతుంది. గాఢత తగ్గించుకుంటూ పోయే ఆల్కహాల్ మెట్ల మీదుగా నీటికి తెచ్చాక 1 శాతం పెరియోడిక్ ఆమ్లంలో 10 నిమిషాలు, కడిగి గులాబీ రంగు పట్టించే షిఫ్ ద్రావణంలో 15, కుళాయి నీటి కింద ఇంకో 10. షిఫ్ సీసాలోనే గులాబీ రంగుకి తిరిగి ఉంటే పారబోయండి.

ఇప్పుడు మైక్రోస్కోపులో తల ముందువైపు, పిండం శరీరానికి బయట, చంద్రవంకలా పరుచుకున్న పెద్ద పెద్ద గుండ్రటి కణాలు ముదురు గులాబీలో కనిపిస్తాయి. అవే ఆదిమ బీజకణాలు. అనుమానం ఉంటే ఇంకో పిండాన్ని పెరియోడిక్ ఆమ్లానికి ముందు ఉమ్మిలో, 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. ఉమ్మిలోని అమైలేజ్ ఎంజైము గ్లైకోజెన్‌ని తినేస్తుంది, ఆ రంగు రాదు. ఇంత సులువైన పని వదిలేసి చార్టు చూసి గీసిన రికార్డుకి మార్కులు వేస్తున్నారంటే బాధేస్తుంది.

50–55 గంటలకి అవి రక్తంలో తిరుగుతుంటాయి, ఆపైన బీజకోశం (వృషణం లేదా అండాశయం) ఏర్పడేచోట దిగిపోతాయి. ఆ చంద్రవంకను ముందే తీసేస్తే బీజకోశం ఏర్పడుతుంది గానీ లోపల బీజకణాలు ఉండవు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఏ కణం బీజకణం అవుతుందో ముందే రాసిపెట్టి ఉంటుందా అంటే, జంతువుని బట్టి. డ్రోసోఫిలా ఈగలో గుడ్డు వెనక కొసనున్న జీవద్రవ్యమే తేలుస్తుంది. ఆస్కార్ అనే జన్యువు ఆర్‌ఎన్‌ఏని ముందు కొసకి పంపితే అక్కడే బీజకణాలు పుడతాయని 1992లో చూపించారు. కోడి కూడా ఈ దారిదే అయ్యుంటుందని, బీజకణాలకి గుర్తుగా పనికొచ్చే వాసా ప్రోటీన్ ఆధారంగా 2000లో జపాన్ పరిశోధకులు చెప్పారు. చిట్టెలుకలో అలా కాదు. ఆరో రోజు దాటాక పక్క కణజాలం నుంచి బీఎంపీ4 అనే ప్రోటీన్ సంకేతం అందిన కొన్ని కణాలే ఆ దారి పడతాయి, మరునాటికి అవి 40 దాకా ఉంటాయి.

మనిషిలో నాలుగో వారానికి ఇవి పచ్చసొన సంచి గోడలో ఉంటాయి, పేగు వెంట పైకి పాకుతాయి. దారి తప్పినవి చచ్చిపోవాలి. చావకుండా మిగిలినవే ఛాతీ మధ్యలోనో, తోక ఎముక దగ్గరో కణితులవుతాయని ఎక్కువమంది నిపుణుల మాట. కుర్రాడికి ఛాతీ మధ్య గడ్డ కనపడితే డాక్టర్లు ఏఎఫ్‌పీ, హెచ్‌సీజీ (ఇలాంటి గడ్డలు కొన్ని రక్తంలోకి వదిలే పదార్థాలు) రక్తపరీక్షలు రాసేది బీజకణాల గడ్డేమో తేల్చుకోడానికే.