కంప్యూటర్ సందేహాలు: పాత ఖాతాలోని ఫైళ్లు, సెట్టింగులు తిరిగి తెచ్చుకోవడం

ప్రశ్న: ఇంట్లోనే విండోస్ 11 కంప్యూటర్‌పై శుభలేఖలు, చిన్న పుస్తకాల డీటీపీ పని చేస్తుంటాను. మొన్న పని మధ్యలో కరెంటు పోయింది. తిరిగి వచ్చాక సైన్ ఇన్ చేస్తే డెస్క్‌టాప్ మీద ఒక్క ఫైలూ లేదు. వాల్‌పేపర్ మారిపోయింది, కొన్ని తెలుగు ఫాంట్లు కనిపించడం లేదు, క్రోమ్‌లో బుక్‌మార్కులూ లేవు. తాత్కాలిక ప్రొఫైల్‌తో సైన్ ఇన్ అయ్యారన్న సందేశం ఇంగ్లీషులో కాసేపు కనిపించి పోయింది. షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలంటున్నారు. నా ఫైళ్లన్నీ పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఫార్మాట్ మాత్రం కొట్టించకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఫైళ్లు డిస్కులోనే ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇది గోటితో పోయే పని, దీనికి గొడ్డలి అక్కరలేదు.

విండోస్‌లో యూజర్ ఖాతా వేరు, ఆ ఖాతాకు చెందిన ఫోల్డర్ వేరు. మీరు పాస్‌వర్డ్ కొట్టగానే విండోస్ సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద ఉన్న ఫోల్డర్‌ను వెతికి, అందులో దాగి ఉండే ఎన్‌టీయూజర్.డీఏటీ అనే ఫైలును చదువుతుంది. వాల్‌పేపర్, కీబోర్డు అమరిక, ఫోల్డర్లు కనిపించే తీరు వంటి మీ సొంత సెట్టింగులలో అధిక భాగం ఈ ఒక్క ఫైలులోనే ఉంటుంది. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఈ ఫైలు దెబ్బతిన్నా, యాంటీవైరస్ వంటి మరో ప్రోగ్రాం దాన్ని ఆ క్షణంలో పట్టుకుని ఉన్నా, విండోస్ దాన్ని చదవలేక, మిమ్మల్ని బయటే నిలబెట్టకుండా టెంప్ అనే పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్‌ను సృష్టించి అందులోకి పంపుతుంది. మీరు చూస్తున్న ఖాళీ డెస్క్‌టాప్ ఆ టెంప్ ఫోల్డర్‌ది. మీ అసలు ఫోల్డర్ దాని పక్కనే ఉంటుంది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉండగా డెస్క్‌టాప్ మీద గాని, డాక్యుమెంట్స్‌లో గాని మీరు దాచుకునే ప్రతి ఫైలూ సైన్ అవుట్ కాగానే చెరిగిపోతుంది. అందువల్ల ఈ సంగతి తేలేవరకు ఆ కంప్యూటర్‌పై కొత్త పని మొదలుపెట్టకండి. ఇప్పటికే ఏదైనా చేసి ఉంటే, సైన్ అవుట్ కాకముందే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

ముందుగా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి తగిలించి, యూజర్స్ ఫోల్డర్‌ను తెరవండి. ఫోల్డర్ పేరు చూసి కంగారు పడవద్దు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో కంప్యూటర్‌ను మొదలుపెట్టిన వారికి విండోస్ మెయిల్ ఐడీలోని మొదటి ఐదు అక్షరాలనే ఫోల్డర్ పేరుగా పెడుతుంది కాబట్టి, అది మీ పేరులో సగం ముక్కలా కనిపించవచ్చు. దాని మీద నొక్కితే ఒక్కోసారి మీకు అనుమతి లేదని చెప్పి, కంటిన్యూ అనే మీట చూపించవచ్చు. మీ ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ హక్కు ఉంటే ఆ మీట నొక్కగానే ఆకుపచ్చ గీత నెమ్మదిగా సాగి, ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఫైళ్లు ఎక్కువగా ఉంటే దీనికి చాలా సమయం పడుతుంది, మధ్యలో ఆపకండి. తెరుచుకున్నాక డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేయండి. కట్ చేసి పేస్ట్ చేయవద్దు.

డెస్క్‌టాప్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే, ఆ పక్కనే వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ నిల్వ) ఫోల్డర్ ఉందేమో చూసి దాని లోపలి డెస్క్‌టాప్ తెరవండి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయి ఉన్నప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మూడూ అక్కడికి మారిపోతాయి. చాలామందికి అది ఎప్పుడు ఆన్ అయిందో కూడా తెలియదు. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది: పక్కన మబ్బు గుర్తు ఉన్న ఫైలు పేరు మాత్రమే మీ డిస్కులో ఉంటుంది, అసలు సరుకు మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఉంటుంది. అలాంటివాటిని పాత ఫోల్డర్ నుంచి కాపీ చేయబోతే రావు. వాటిని బ్రౌజరులో వన్‌డ్రైవ్ సైటుకు వెళ్లి దించుకోవాలి.

ఫైళ్లు భద్రంగా బయటికి చేరాక మరమ్మతు సంగతి చూద్దాం. మొదట కంప్యూటర్‌ను రెండు మూడుసార్లు రీస్టార్ట్ చేయండి. ఫైలును ఇంకో ప్రోగ్రాం పట్టుకుని ఉండటమే కారణమైతే పాత డెస్క్‌టాప్ దానంతట అదే తిరిగి వస్తుంది. రాకపోతే రిజిస్ట్రీని, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టాను, సరిచేయాలి. విండోస్ మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో రెజ్‌ఎడిట్ అని ఇంగ్లీషులో టైప్ చేయండి. అందులో హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్ అన్న వరుసలో లోపలికి వెళితే ప్రొఫైల్‌లిస్ట్ అనే పద్దు దొరుకుతుంది. ఏ మార్పూ చేయకముందే ఆ పద్దును ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. దాని కింద ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవాటి సంఖ్యలు ఉంటాయి, అవే విండోస్ దృష్టిలో ఖాతాల అసలు పేర్లు. వాటిలో ఒకే సంఖ్య రెండుసార్లు కనిపించి, ఒకదాని చివర డాట్ బీఏకే అని ఉంటే రోగం ఏమిటో తెలిసినట్టే: తోక ఉన్నది మీ అసలు ఖాతా, తోక లేనిది తాత్కాలికం. రెండింటినీ నొక్కి చూసి, ప్రొఫైల్ ఇమేజ్ పాత్ అన్న వరుసలో మీ పాత ఫోల్డర్ చిరునామా తోక ఉన్నదానిలోనే ఉందని నిర్ధారించుకోండి. తర్వాత తోక లేనిదాని చివర డాట్ ఓల్డ్ అని చేర్చి, తోక ఉన్నదానికి ఆ తోక తీసేయండి. ఆ పద్దులోనే స్టేట్ అనే విలువను, రెఫ్‌కౌంట్ అనేది ఉంటే దాన్ని కూడా సున్నా చేసి రీస్టార్ట్ చేయండి. ఎన్‌టీయూజర్ ఫైలు చెడిపోకుండా ఉంటే మీ వాల్‌పేపర్, ఫాంట్లు, బుక్‌మార్కులు అన్నీ ఎక్కడివక్కడ కనిపిస్తాయి. రిజిస్ట్రీ ముట్టుకోవడానికి చేయి రాకపోతే ఈ పేరా షాపు వారికి చూపించండి.

అప్పటికీ తాత్కాలిక ప్రొఫైలే వస్తే ఆ ఫైలు నిజంగానే చెడిందనుకోవాలి. అప్పుడు దాన్ని బాగుచేయడానికి రోజులు వెచ్చించడం నా దృష్టిలో దండగ. సెట్టింగ్స్‌లోని అకౌంట్స్‌కు వెళ్లి, అదర్ యూజర్స్ కింద కొత్త ఖాతా తెరిచి, దానికి అడ్మినిస్ట్రేటర్ హక్కు ఇచ్చి, ఒకసారి అందులోకి సైన్ ఇన్ అవ్వండి. అలా సైన్ ఇన్ అయ్యేవరకు కొత్త ఖాతాకు ఫోల్డర్ ఏర్పడదు. తర్వాత మీ ఫైళ్లను అందులోకి కాపీ చేయండి. కాపీ అనే మాటను పదేపదే చెప్పడానికి కారణం ఉంది. ఒకే డ్రైవ్‌లో కట్ చేసి తెచ్చిన ఫైలు పాత ఖాతా అనుమతులను వెంట తెచ్చుకుని, ఆ తర్వాత తెరవబోతే లేదా మార్చబోతే పేచీ పెట్టవచ్చు. కాపీ చేసిన ఫైలుకు కొత్త ఫోల్డర్ అనుమతులే వస్తాయి.

సెట్టింగుల విషయంలో చాలామంది చేసే పని, పాత ఫోల్డర్ మొత్తాన్ని ఎత్తి కొత్తదానిలో కుమ్మరించడం. దానివల్ల చెడిన ఎన్‌టీయూజర్ ఫైలు కూడా వచ్చి కొత్త ఖాతాను పాడుచేస్తుంది. ఏ ప్రోగ్రాం సెట్టింగులు కావాలో ఎంచుకుని తెచ్చుకోవడమే మేలు. అవి యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో ఉంటాయి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటెమ్స్ నొక్కితేనే అది కంటికి కనిపిస్తుంది. క్రోమ్ బుక్‌మార్కులు అందులోని లోకల్, గూగుల్, క్రోమ్, యూజర్ డేటా, డిఫాల్ట్ అన్న ఫోల్డర్ల చివర బుక్‌మార్క్స్ అనే మామూలు ఫైలుగా ఉంటాయి. క్రోమ్‌ను మూసేసి, ఆ ఫైలును కొత్త ఖాతాలో అదే చోట పెడితే చాలు. పాస్‌వర్డుల సంగతి అలా కాదు. అవి మీ పాత విండోస్ ఖాతాకు ముడిపడిన తాళంతో గుప్తంగా ఉంటాయి కాబట్టి ఫైలు తెచ్చినా తెరుచుకోవు. గూగుల్ ఖాతాతో సింక్ పెట్టుకుని ఉంటే మాత్రం సైన్ ఇన్ కాగానే తిరిగి వస్తాయి. వర్డ్‌లో మీరు చేర్చుకున్న పదాలు రోమింగ్, మైక్రోసాఫ్ట్, యూప్రూఫ్ ఫోల్డర్‌లో కస్టమ్ అనే పేరుతో ఉంటాయి. పుస్తకాలు కంపోజ్ చేసేవారికి ఆ జాబితా విలువైనది, మరచిపోకండి.

ఫాంట్ల గురించి ప్రత్యేకంగా అడిగారు. విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి, ఫాంట్ ఫైలుపై రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే అది ఆ ఒక్క ఖాతాకే చేరుతుంది. కుడి మీట నొక్కి అందరు యూజర్లకు అన్నదాన్ని ఎంచుకుంటేనే విండోస్ ఉమ్మడి ఫాంట్స్ ఫోల్డర్‌లోకి వెళుతుంది. మీకు కొన్ని ఫాంట్లు ఉండి కొన్ని పోవడానికి కారణం ఇదే కావచ్చు. పోయినవి పాత యాప్‌డేటాలో లోకల్, మైక్రోసాఫ్ట్, విండోస్, ఫాంట్స్ అన్న చోట ఉంటాయి. ఈసారి అందరు యూజర్లకు అని ఇన్‌స్టాల్ చేయండి. అను వంటి యూనికోడ్ కాని ఫాంట్లతో కంపోజ్ చేసిన ఫైలు, ఫాంట్ లేనప్పుడు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన చెత్తలా తెరుచుకుంటుంది. ఫైలు పాడైందనుకుని దాన్ని తీసివేయకండి, సేవ్ కూడా చేయకుండా మూసేయండి. ఫాంట్ ఎక్కించాక మీ తెలుగు మీకు కనిపిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఉద్యోగానికి వెళ్లిపోయాడు కదా అని ల్యాప్‌టాప్‌లో వాడి ఖాతాను డిలీట్ చేశాను. వాడి ఫొటోలు కూడా పోయాయి. రీసైకిల్ బిన్‌లో లేవు. సిస్టమ్ రిస్టోర్ చేస్తే వస్తాయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రావు. సిస్టమ్ రిస్టోర్ విండోస్ ఫైళ్లను, డ్రైవర్లను, రిజిస్ట్రీని పాత తేదీకి తీసుకెళుతుందే గాని ఫొటోలు, పత్రాల జోలికి పోదు. మీరు ఏ దారిలో డిలీట్ చేశారన్నది ముఖ్యం. కంట్రోల్ ప్యానెల్ ద్వారా చేస్తూ కీప్ ఫైల్స్ నొక్కి ఉంటే, మీ డెస్క్‌టాప్ మీదే అబ్బాయి ఖాతా పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో చూడండి. సెట్టింగ్స్ ద్వారా ఖాతాను, డేటాను కలిపి తీసేసి ఉంటే అవి రీసైకిల్ బిన్‌కు వెళ్లవు.

ఆ పరిస్థితిలో ముందు అబ్బాయినే అడగండి. అతనిది మైక్రోసాఫ్ట్ ఖాతా అయి వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉండి ఉంటే, ల్యాప్‌టాప్‌లో ఖాతా తీసేసినంత మాత్రాన సర్వర్‌లోని ఫొటోలు పోవు. వన్‌డ్రైవ్ నుంచే తీసేసినవి కూడా సొంత ఖాతాల విషయంలో 30 రోజుల పాటు దాని రీసైకిల్ బిన్‌లో ఉంటాయి. అక్కడా లేకపోతే ల్యాప్‌టాప్ వాడకం వెంటనే ఆపేయండి. పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ అయితే రికవరీ ప్రోగ్రాంతో చాలావరకు దక్కే అవకాశం ఉంది. మైక్రోసాఫ్ట్ వారిదే విండోస్ ఫైల్ రికవరీ అనే ఉచిత సాధనం ఉంది గాని, దాన్ని కమాండ్లు టైప్ చేసి నడపాలి, దొరికినవాటిని వేరే డ్రైవ్‌లోకే తీయాలి. తిరిగే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ అయితే మాత్రం, తీసేసిన ఫైళ్ల చోటును ట్రిమ్ అనే ఏర్పాటు కొద్దిసేపట్లోనే ఖాళీ చేస్తుంది కాబట్టి, డబ్బు తీసుకుని తెప్పిస్తామనే షాపుల మాటను నమ్మకముందు ఫైళ్లు దొరికితేనే చెల్లిస్తామని చెప్పండి.

ప్రశ్న: విండోస్ మళ్లీ వేయించాం. మా ఫైళ్లు ఉన్నాయి గాని ప్రోగ్రాములు లేవు. సి డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అని ఒకటి ఉంది. తీసేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఇప్పుడే తీసేయకండి. పాత ఖాతాల యాప్‌డేటా అంతా అందులోని యూజర్స్ ఫోల్డర్‌లో ఉండవచ్చు. పైన చెప్పిన బుక్‌మార్కులు, ఫాంట్లు, వర్డ్ జాబితా అక్కడి నుంచే తీసుకోండి. అయితే ఆలస్యం చేయవద్దు. కొత్త వెర్షన్‌కు మారినప్పుడు విండోస్ సాధారణంగా 10 రోజుల తర్వాత ఈ ఫోల్డర్‌ను తానే తొలగిస్తుంది. ప్రోగ్రాములను మాత్రం అక్కడి నుంచి కాపీ చేస్తే పనిచేయవు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే.

ప్రశ్న: ల్యాప్‌టాప్ బూట్ కావడం లేదు. ఫైళ్ల కోసం దాని డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే బిట్‌లాకర్ కీ అడుగుతోంది. మేం ఎప్పుడూ అలాంటిది పెట్టుకోలేదు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీరు పెట్టుకోకపోయినా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన అనేక ల్యాప్‌టాప్‌లలో డిస్కులోని సమాచారాన్ని గుప్తంగా మార్చే ఈ తాళం దానంతట అదే పడుతుంది. కీ అంటే 48 అంకెల సంఖ్య. దాన్ని ఊహించడం, షాపులో విప్పించడం కుదరని పని. ఆ తాళం పడినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఎవరి మైక్రోసాఫ్ట్ ఖాతా ఉందో, కీ వారి ఖాతాలోనే దాచి ఉంటుంది. మన ఇళ్లలో అమెరికా నుంచి వచ్చిన కొడుకో కూతురో ల్యాప్‌టాప్ కొనిచ్చి, తమ మెయిల్‌తోనే మొదలుపెట్టి వెళ్లడం మామూలే కాబట్టి, మీ ఖాతాలో కనిపించకపోతే వారికి ఫోన్ చేయండి. వారు బ్రౌజరులో తమ మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసెస్ జాబితాలో మీ ల్యాప్‌టాప్ కింద బిట్‌లాకర్ కీలను చూడవచ్చు. ఒకటి కంటే ఎక్కువ కీలు ఉంటే, మీ తెరపై చూపిస్తున్న కీ ఐడీలోని మొదటి ఎనిమిది అక్షరాలతో సరిపోయేదాన్ని చదివి చెప్పమనండి.