గుర్తు చూసి గుద్దడం వెనక కథ

ప్రశ్న: డిజైన్ కోర్సు చేస్తున్నానండీ. డిజైన్ మీద సమాజం, చరిత్ర ప్రభావానికి ఉదాహరణ రాయమన్నారు. పుస్తకాల్లో అన్నీ యూరప్ పోస్టర్లే. మన దగ్గర ఏమైనా ఉందా?
– ఒక స్టూడెంట్, విజయవాడ

జవాబు: గోడల మీద రోజూ చూసేదే కదమ్మా, ఎన్నికల గుర్తు! 1951 లెక్కల్లో మన దేశంలో చదువొచ్చినవాళ్లు నూటికి 18 మందే, మరి పేరు చదవలేని మనిషి ఓటెలా వేస్తాడు? అందుకే 1951-52 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద బొమ్మ, కాగితం తీసుకెళ్లి నచ్చిన పెట్టెలో వేసేయడమే, ముద్ర గుద్దే పని కూడా లేదు. ఆ బొమ్మలు చూడు, కాడెద్దులు, కంకి కొడవలి, గుడిసె, దీపం, చెట్టు... అన్నీ పల్లెటూరి మనిషి కళ్లు మూసుకున్నా గుర్తుపట్టేవే. ఎన్నికల గుర్తుల్లో చాలావాటిని పెన్సిల్‌తో గీసింది ఎన్నికల సంఘంలో పనిచేసిన ఎం.ఎస్. సేథి గారు, మన డిజైన్ క్లాసుల్లో ఆయన పేరు ఎవరూ చెప్పరెందుకో నాకర్థం కాదు.

తర్వాత ప్రచారంలో నిజం జంతువుల్నే ఊరేగించి హింస పెడుతున్నారని కొత్తగా జంతువుల గుర్తులివ్వడం ఆపేశారు. 2022 మునుగోడు ఉపఎన్నికప్పుడైతే రోడ్డు రోలర్ మా కారులాగే ఉందని టీఆర్ఎస్ అభ్యంతరం పెట్టింది. నవ్వొస్తుంది కానీ, ఆ రెండు బొమ్మల్నీ ఈవీఎం మీదుండే చిన్న సైజుకి, నలుపు తెలుపులో ప్రింట్ తీసి మీ అమ్మమ్మగారికి చూపించు, ఆవిడ ఏమంటారో అదే నీ అసైన్‌మెంట్‌లో రాసెయ్.