రాత్రిపూట వెళ్ళి చూడు

అమ్మలూ,

నగరంలో ఎండ దెబ్బ ఎక్కువగా తగిలే చోట్లన్నీ మ్యాప్ గీశానని రాశావు. సంతోషం. కానీ ఆ ఒక్క మ్యాప్‌తో పరిశోధన పేపర్ రాసెయ్యకు.

నీ మ్యాప్‌కి ఆధారమైన ల్యాండ్‌శాట్ ఉపగ్రహం మన మీదుగా వెళ్ళేది ఉదయం పది గంటల ప్రాంతంలో. దానికి తెలిసేది కప్పుల వేడి, రోడ్ల వేడి. ఆ కప్పు కింద పడుకున్న మనిషి ఉక్క దానికి తెలియదు. కాంక్రీటు పగలంతా పట్టిన వేడిని రాత్రి వదులుతుంది. ఒళ్ళు తేరుకోవాల్సిన టైమ్ కూడా అదే. అందుకని, ఒప్పుకున్న ఇళ్ళలో పడుకునే ఎత్తులో చిన్న లాగర్లు, అంటే ఉష్ణోగ్రతని వాటంతట అవే కొలిచి నమోదు చేసే పరికరాలు, పెట్టు. గోడకి ఆనించకు, ఎండ తగలనివ్వకు. తేమ కూడా కొలిచేవే తీసుకో. చెమట ఆరకపోతే అంకె తక్కువున్నా ప్రమాదమే. వేసవంతా ఉంచు.

"వేడిగా ఉంటోందా?" అంటే అందరూ అవుననే అంటారు. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు, తలుపు తీసి పడుకోగలరా, ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరిని పిలుస్తారు, ఇవి అడుగు. చివరిది అస్సలు వదలకు. 1995 జులైలో షికాగోలో వేడికి 700 మందికి పైగా పోయారు. చాలామంది ఒంటరిగా ఉండే వృద్ధులు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ పక్కపక్క పేటలు. రెండూ పేదవే, ఒంటరి ముసలివాళ్ళూ దాదాపు అంతే. అయినా సౌత్‌లో మరణాల రేటు నార్త్‌లో దానికి పదోవంతు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ వీధులు తిరిగి చూశాడు. సౌత్‌లో దుకాణాలు, జనం, సందడి. నార్త్‌లో ఖాళీ స్థలాలు, గడప దాటాలంటే భయం.

తొలి రోజుల్లో నేను ఒక పేటలో సర్వే చేసి, మళ్ళీ అటు వెళ్ళలేదు. రెండేళ్ళకి వేరే పని మీద వెళ్తే ఒకావిడ గుర్తుపట్టి, "అప్పుడు రాసుకెళ్ళారు కదమ్మా, ఏమైంది?" అంది. జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఆ మాట గుచ్చుకుంటుంది. ఏ ఇంట్లో కొలిచింది ఆ ఇంటివాళ్ళకే ముందు చెప్పు, వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో.

"వీళ్ళకి తట్టుకునే శక్తి ఎక్కువ" అని రాసేముందు ఆగు. తడిబట్ట కప్పుకుని తెల్లారేదాకా కూర్చునేది గత్యంతరం లేక. దాన్ని పొగిడితే నగరపాలక సంస్థ చేయాల్సిన పని వాళ్ళ నెత్తిన పడుతుంది. అహ్మదాబాద్‌లో 2010 మే ఎండల్లో మామూలుకంటే 1,344 మంది ఎక్కువ చనిపోయారు. ఆ తర్వాతే, 2013లో, ఆ నగరం హీట్ యాక్షన్ ప్లాన్, అంటే ఎండల నుంచి జనాన్ని కాపాడే ప్రణాళిక, తెచ్చుకుంది.

లాగర్లు అందగానే రాయి. పెట్టే రోజు నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ