బంగారు గనిలో వాడే సైనైడ్ మా బోర్లలోకి దిగుతుందా?

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో బంగారు గనికి మూడు కిలోమీటర్ల దూరాన పొలం, అందులో రెండు బోర్లు ఉన్నాయని, సైనైడ్ భూమిలోకి దిగితే మా గతేమిటని అడిగారు. సూటిగా చెప్తాను. మీరు భయపడాల్సింది సైనైడ్ డ్రమ్ముకు కాదు, టెయిలింగ్ పాండ్‌కు, అంటే బంగారం తీశాక మిగిలిన బురదను నింపే చెరువుకు. టీవీవాళ్లు పుర్రె బొమ్మ వేసి డ్రమ్మును చూపిస్తారు. పాండ్ కట్ట ఎంతెత్తు, ఎలా కట్టారు అని మాత్రం ఒక్క విలేకరీ అడగడు.

రోజుకు వెయ్యి టన్నుల రాయి ఆడించే మిల్లు అనుకోండి. టన్నుకు ఒకటిన్నర గ్రాము బంగారం ఉంటే, అంతా దక్కినా రోజుకు కిలోన్నర. దాని కోసం రాయిని 75 మైక్రాన్ల దాకా మెత్తగా నూరి, సుమారు 1200 టన్నుల నీళ్లు కలిపి, వరస ట్యాంకుల్లో ఒక రోజుకు పైగా తిప్పుతారు. టన్నుకు అర కిలో చొప్పున రోజుకు 500 కిలోల సోడియం సైనైడ్ పడుతుంది. కరిగిన బంగారాన్ని కొబ్బరి చిప్పల బొగ్గు పట్టేస్తుంది. ఆ బొగ్గును వేడి కాస్టిక్ నీళ్లతో కడిగి, కరెంటు పెట్టి ఉక్కు పీచు మీదికి బంగారాన్ని తెచ్చి, వెలిగారం వేసి కరగబెడతారు. సైనైడ్‌తో బంగారాన్ని కరిగించే ఈ పద్ధతి 1887లో గ్లాస్గోలో పుట్టింది. ఇప్పటికీ మూలం మారలేదు.

మన ఎండలకు ఇక్కడొక తిరకాసు ఉంది. బంగారం కరగాలంటే సైనైడ్ ఒక్కటే చాలదు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కూడా కావాలి. స్లర్రీ, అంటే రాతిపొడి కలిసిన ఆ నీళ్లు, 40 డిగ్రీలకు వేడెక్కితే లీటరు నీటిలో ఆరున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ నిలవదు. రికవరీ పడిపోతుంది. ఆపరేటరు ఏం చేస్తాడు? సైనైడ్ ఇంకాస్త పోస్తాడు. అది శుద్ధ దండగ, అక్కడ కావలసింది గాలి. రాయిలో రాగి గానీ, పైరోటైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజం గానీ ఉన్నా ఇదే కథ. బంగారం కంటే ముందు అవే సైనైడ్‌ను తినేస్తాయి. ఇలా అదనంగా పోసిందంతా చివరికి పాండ్ వైపే నడుస్తుంది.

ఇక ప్లాంటులో అసలు ప్రమాదం సున్నం దగ్గరుంది. సున్నం పోసి స్లర్రీ పీహెచ్‌ను 10.5కు పైన ఉంచాలి. పీహెచ్ 11 దగ్గర సైనైడ్‌లో రెండు శాతం కూడా వాయువుగా మారదు. 9.2కు దిగితే సగం, 8కి దిగితే దాదాపు అంతా హైడ్రోజన్ సైనైడే. ఆ వాయువు 26 డిగ్రీలకే మరుగుతుంది. కర్నూలు జిల్లాలో నీడపట్టునే అంతకు మించి వేడి ఉండే రోజులు ఏడాదిలో ఎన్నో మీకే తెలుసు.

పీహెచ్ ఎలా పడిపోతుందో చూడండి. రాత్రి షిఫ్టులో కరెంటు పోయి సున్నపు పాల పంపు ఆగుతుంది. ఇరవై నిమిషాల్లో పైపులో సున్నం అడుగుకు దిగి గట్టిపడుతుంది. కరెంటు వచ్చాక పంపు తిరుగుతున్నట్టే ఉంటుంది కానీ సున్నం కదలదు. సైనైడ్ డోసింగ్ మాత్రం మామూలుగా నడుస్తుంటుంది. ట్యాంకులోని పీహెచ్ ప్రోబ్ మీద సున్నపు పొర పేరుకుపోయి ఉంటే మీటరు 10.8 దగ్గరే కదలకుండా కూర్చుంటుంది. లోపల 9.5 ఉన్నా తెర మీద అంతా బాగానే కనబడుతుంది. ట్యాంకు పైన గ్యాస్ అలారం 4.7 పీపీఎంకు, అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 4.7 పాళ్లకు మోగుతుంది, 10కి చేరితే అందరూ దిగిపోవాలి. 'ఇది ఊరికే మోగుతుంటుంది' అని అలారం నొక్కేసే సూపర్‌వైజరు ఉన్నచోట మనిషి పోతాడు. చేదు బాదం వాసన వస్తుందిలే అనుకోవడం ఇంకో మూర్ఖత్వం. చాలామందికి పుట్టుకతోనే ఆ వాసన తెలియదు.

అలాంటప్పుడు ముందు సైనైడ్ డోసింగ్ ఆపాలి. సున్నం సంగతి ఆ తర్వాతే. చేతి మీటరుతో పీహెచ్ మళ్లీ చూడాలి. గాలి వీచే వైపు నుంచి వెళ్లాలి, ఒంటరిగా ట్యాంకు ఎక్కకూడదు. పడిపోయిన మనిషికి నోట్లో నోరు పెట్టి గాలి ఊదకూడదు, ఆక్సిజన్ మాస్కు పెట్టాలి. హైడ్రాక్సోకోబాలమిన్ అనే విరుగుడు ప్లాంటులోనూ ఉండాలి, దగ్గరి ఆస్పత్రిలోనూ ఉండాలి. ప్రజాభిప్రాయ సేకరణలో మైకు దొరికితే ఆ మందు ఎక్కడ పెట్టారో, దాని గడువు తేదీ ఎంతో అడగండి. అయినా ఇది కార్మికుడి నెత్తిన ఉన్న ప్రమాదం. మూడు కిలోమీటర్ల అవతల ఉన్న మీ బోరుది కాదు.

మీ బోరు సంగతి సైనైడ్‌ను విరగ్గొట్టే డీటాక్స్ ట్యాంకు దగ్గర మొదలవుతుంది. బంగారం తీసేశాక మిగిలే 1200 ఘనపు మీటర్ల నీటిలో లీటరుకు 150 మిల్లీగ్రాముల సైనైడ్ ఉందనుకుందాం. అంటే రోజుకు 180 కిలోలు. పక్షులు వాలే బహిరంగ పాండ్‌లోకి 50కి మించి పంపకూడదని అంతర్జాతీయ సైనైడ్ నియమావళి. శ్రద్ధ ఉన్న ప్లాంటు 10 లోపుకు తెస్తుంది. ఇందుకు సోడియం మెటాబైసల్ఫైట్ వేసి, గాలి కొట్టి, కొంచెం మైలతుత్తం కలిపి, పీహెచ్ 8, 9 మధ్య పట్టి ఉంచుతారు. సైనైడ్ విషం బాగా తక్కువైన సయనేట్‌గా మారిపోతుంది. ఈ చర్యలో ఆమ్లం పుడుతుంది కాబట్టి ఇక్కడా సున్నం పోస్తూనే ఉండాలి. గాలి తక్కువైతే మెటాబైసల్ఫైట్ అంతా నీళ్లపాలు. ఒక గ్రాము సైనైడ్‌కు లెక్క ప్రకారం మెటాబైసల్ఫైట్ నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ రెండున్నర గ్రాములు చాలాలి. ఆచరణలో నాలుగు గ్రాములు వేసుకోవాలి. ఆ లెక్కన ఈ ప్లాంటుకు రోజుకు దాదాపు ఒక టన్ను, నెలకు ముప్పై టన్నుల మెటాబైసల్ఫైట్ కావాలి.

అందుకే నా సలహా, ల్యాబ్ రిపోర్టు కాగితాలకంటే కొనుగోలు బిల్లులు అడగండి. శాంపిల్ తీసే రోజున డీటాక్స్ నడిపి మిగతా రోజుల్లో ఆపేయడం తేలిక. నెలకు ముప్పై టన్నులు కొనాల్సినవాళ్లు ఐదు టన్నులు కొంటే బిల్లు అబద్ధమాడదు. 'మన సీమ ఎండకు పాండ్‌లో సైనైడ్ దానంతటదే పోతుంది సార్' అని ఎవరైనా అంటే అందులో సగమే నిజం. విడి సైనైడ్ ఎండకు, గాలికి తగ్గుతుంది. ఇనుముతో పెనవేసుకున్నది ఎండ సోకని లోతులో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ఇప్పుడు పాండ్. 'జీరో డిశ్చార్జ్, నీళ్లన్నీ మళ్లీ మిల్లుకే తిప్పుకుంటాం, చుక్క బయటికి పోదు' అని ప్రతి నివేదికలోనూ రాస్తారు. రుమేనియాలోని బయా మారెలోనూ సరిగ్గా అలాంటి ప్లాంటే. పాత వ్యర్థాల నుంచి బంగారం తీస్తూ నీళ్లను లోపలే తిప్పుకునేలా కట్టారు. అత్యవసరంగా నీళ్లు వదలాల్సి వస్తే ఎటు వదలాలన్న ఏర్పాటే లేదు. చలికాలం వాన పడింది, మంచు కరిగింది, పాండ్ నిండింది. 2000 జనవరి 30 రాత్రి కట్ట తెగి దాదాపు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీళ్లు సోమేష్ నదిలోకి, అక్కడి నుంచి టిసాలోకి, చివరికి డాన్యూబ్‌లోకి పోయాయి. ఒక్క హంగరీలోనే వెయ్యి టన్నులకు పైగా చేపలు చచ్చాయి. మనుషులు తట్టుకునే మోతాదుకు కూడా చేపలు చస్తాయి. జీరో డిశ్చార్జ్ పాండ్ అంటే మరువ, అదే అలుగు, లేని చెరువు. మరువ లేని చెరువు నిండితే ఏమవుతుందో మన రైతుకు ఇంజనీరు చెప్పనక్కర్లేదు.

మనకు ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వానే కదా, ఆవిరయ్యేది అంతకు ఎన్నో రెట్లు కదా అంటారు. ఏడాది సగటుతో కట్టలు తెగవు, ఒక్క రోజు వానతో తెగుతాయి. 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది అలాంటి వానకే. 2021 నవంబరు 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి చెయ్యేటి ఒడ్డు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 20 హెక్టార్ల పాండ్ మీద ఒక్క రోజులో 200 మిల్లీమీటర్లు కురిస్తే 40,000 ఘనపు మీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది వేలు. అంత నీరు చేరాక కూడా కట్ట అంచుకు కనీసం మీటరు ఖాళీ మిగలాలి. నీళ్లు కట్టను ఆనుకుని నిలబడకూడదు. కట్టకూ నీటికీ మధ్య ఎండిన ఇసుక మేట ఉండాలి. ఎత్తు పెంచేటప్పుడు పాత వ్యర్థాల మీదే కొత్త కట్ట పోసే పద్ధతి చవక, అందుకే కంపెనీలకు ముద్దు. 2019 జనవరిలో బ్రుమాడిన్యోలో అలా పెంచిన ఇనుప గని కట్ట కూలి 270 మంది పోయాక బ్రెజిల్ ఆ పద్ధతిని నిషేధించింది. ఇక్కడ ఏ పద్ధతో రాతపూర్వకంగా అడగండి.

అడుగున బిగించిన బంకమట్టి, దాని మీద ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పొర ఉండాలి. అయినా అతుకుల దగ్గర కొంత కారుతుంది. కింద ఉన్నది గట్టి రాయి, నీళ్లు పగుళ్ల వెంబడి పోతాయి. అలా కారిన నీటిలో సైనైడ్ చాలావరకు దారిలోనే ఇనుముకు అంటుకునో, బ్యాక్టీరియాకు తిండయ్యో తగ్గిపోతుంది. బోరుకు ముందు చేరేవి సల్ఫేటు, లవణాలు, నైట్రేటు. నైట్రేటు పేలుడు మందు నుంచీ వస్తుంది, సైనైడ్ విరిగినా వస్తుంది. రాయిలో ఆర్సెనిక్ కలిసిన ఆర్సెనోపైరైట్ ఖనిజం ఉంటే ఆర్సెనిక్ కూడా వస్తుంది. సైనైడ్ ఎప్పుడో ఒకప్పుడు విరిగిపోతుంది, ఆర్సెనిక్ విరిగే వస్తువు కాదు. కేజీఎఫ్ గని 2001 ఫిబ్రవరిలో మూతపడింది. అక్కడి సైనైడ్ దిబ్బల నుంచి ఇప్పుడు గాలికి లేచి జనం ఊపిరితిత్తుల్లోకి పోయేది సిలికా దుమ్ము.

పనిలో పని, మరో మాట. గని సైనైడ్ మీద ధర్నాలు చేస్తాం సరే. నగలకు మెరుగు పెట్టడానికి సైనైడ్, పెరాక్సైడ్ కలిపి వాడే పనిశాలలు బంగారం బజారున్న ఊళ్లలో ఉంటాయి. ప్రొద్దుటూరులాంటి చోట వాడేసిన ఆ నీళ్లు ఎటు పోతాయని ఎవరైనా అడిగారా? సైనైడ్ నీళ్లు, నైట్రిక్ యాసిడ్ ఒకే కాలువలో కలిస్తే ఏ వాయువు పుడుతుందో పైనే చెప్పాను. సైనైడ్ వద్దు, ఇంకేదైనా వాడమనేవాళ్లకూ ఒక మాట. చిన్న చిన్న తవ్వకందార్లు ప్రపంచమంతా వాడేది పాదరసం, అది అంతకన్నా చెడ్డది. అమెరికాలోని నెవాడాలో ఒక పెద్ద గని సైనైడ్‌కు బదులు థయోసల్ఫేటు అనే రసాయనంతో నడిచింది కానీ అన్ని రాళ్లకూ అది లొంగదు.

మీరు చేయాల్సింది ఇదీ. గని పూర్తిస్థాయిలో నడవకముందే బోరు నీళ్లు పరీక్ష చేయించి కాగితం దాచుకోండి. మన దగ్గర ఫ్లోరైడ్ ముందు నుంచీ ఉంది. పాత రిపోర్టు లేకపోతే రేపు మీరు ఏం చూపించినా 'ఇది ఇక్కడి నేల గుణం' అని కొట్టిపారేస్తారు. బోరు పావుగంట నడిపాక నీళ్లు పట్టండి. సైనైడ్ సీసాలో కాస్టిక్ సోడా బిళ్లలు వేసి పీహెచ్ 12 దాటించి, వెలుతురు తగలకుండా ఐసు పెట్టెలో పెట్టి, 14 రోజుల లోపు ల్యాబ్‌కు చేర్చాలి. కాస్టిక్ వేయకపోతే దారిలోనే ఎగిరిపోయి 'లేదు' అని రిపోర్టు వస్తుంది. లోహాల సీసా వేరు, దాంట్లో నైట్రిక్ యాసిడ్ వేస్తారు. రెండూ కలపకూడదు. తాగునీటిలో లీటరుకు సైనైడ్ 0.05, ఆర్సెనిక్ 0.01, నైట్రేటు 45, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. సల్ఫేటు 200 దాటిందంటే కారణం వెతకాల్సిందే, ఏటేటా పెరుగుతుంటే మరీను.

మూడు కిలోమీటర్ల దూరం అన్నారు, ఏ వైపో చెప్పలేదు. వాన పడినప్పుడు పాండ్ పక్కనున్న వంక మీ పొలం వైపు పారుతుందా, అవతలికి పారుతుందా చూసుకోండి. మీరు ఎగువన ఉంటే ఆ ఒక్క రిపోర్టు చాలు. దిగువన ఉంటే ఏటా మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి పరీక్ష చేయించండి. పాండ్‌కు మీ పొలానికి మధ్య కంపెనీ వేసిన నిఘా బోరు ఉందో లేదో, దాని లెక్కలు పంచాయతీకి ఇస్తున్నారో లేదో సర్పంచిని పట్టుకుని అడగండి.