వరికి నిలవ నీరు తప్పనిసరా?

ప్రశ్న: వరి మడిలో నెలల తరబడి నీరు నిలిచి ఉంటుంది. మరే పైరైనా అలా ఉంటే కుళ్లిపోతుంది కదా, వరి ఎలా బతుకుతోంది? నీరు నిలవని చోట అది పండదా? – ఒక పాఠకురాలు

జవాబు: వరిని నీటిమొక్కగా భావించేవారు చాలామంది ఉన్నారు గాని, నిజానికి అది నిలవ నీటిని ఓర్చుకోగల గడ్డిజాతి మొక్క మాత్రమే. నీరు నిలిచిన నేలలో మట్టి రేణువుల మధ్య గాలికి చోటుండదు. మిగిలిన కాస్త ప్రాణవాయువును సూక్ష్మజీవులు త్వరలోనే వాడేసుకుంటాయి కనుక కంది వంటి పైర్ల వేళ్లు ఊపిరాడక చస్తాయి. వరి కాండంలోను, వేళ్లలోను ఉండే సన్నని గాలి గదుల వరుసలు ఆకులు గ్రహించిన గాలిని వేరు కొస దాకా చేరవేస్తాయి. ఒక దుబ్బును పీకి, బురద కడిగి చూడండి: ముదురు వేళ్ల మీద ఇటుక రంగు పూత కనిపిస్తుంది. వేరు నుంచి బయటికి వచ్చిన ప్రాణవాయువు మట్టిలో కరిగి ఉన్న ఇనుముతో కలిసి తుప్పుగా పేరుకోవడం వల్లనే ఆ పూత ఏర్పడుతుంది.

మరి రైతు నీరు ఎందుకు నిలుపుతాడంటే, ముఖ్యంగా కలుపును అణచడం కోసమే. కలుపు గింజల్లో చాలావాటికి మొలకెత్తడానికి గాలి కావాలి. నారుమడిలో మూడు నాలుగు వారాలు పెరిగిన నారును దమ్ము చేసిన నేలలో నాటి నీరు పెడితే, వరి ఆ పోటీలో ముందే గెలిచినట్లు. నీరు నిలిచిన నేలలో భాస్వరం మొక్కకు మరింత సులువుగా అందుతుందన్నది మరో మేలు. అయితే గాలి లేని ఆ బురదలోనే భూతాపాన్ని పెంచే మీథేన్ వాయువు కూడా పుడుతుంది. అందువల్ల మడిలో కన్నాల గొట్టం ఒకటి పాతి, అందులో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు దిగువకు పడిపోయాకనే మళ్లీ నీరు పెట్టే ఆరుతడి పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేస్తోంది. పూత దశలో మాత్రం పైరును నీటి ఎద్దడికి గురి చేయరాదు. నీటి సరఫరా రైతు చేతిలో ఉన్న ప్రతి చోటా ఈ పద్ధతి రావాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: వరి ఎంత ఎత్తులో, ఎంత చలిలో పండగలదు? – ఒక విద్యార్థి

జవాబు: దాదాపు తొమ్మిది వేల ఏళ్ల క్రితం చైనాలోని యాంగ్‌ట్సీ నదీలోయలో సాగులోకి వచ్చిన ఈ పైరు నేడు చైనా ఉత్తరాన చలికి పేరుపడిన హైలాంగ్‌జియాంగ్ దాకా, నేపాల్‌లోని జుమ్లాలో సుమారు 3,000 మీటర్ల ఎత్తు దాకా పండుతోంది, కేరళలోని కుట్టనాడులో సముద్రమట్టానికి దిగువన ఉన్న పొలాల్లోనూ పండుతోంది. పశ్చిమాఫ్రికా వారు నైజర్ నది ప్రాంతంలో వేరే జాతి వరిని స్వతంత్రంగా మచ్చిక చేసుకున్నారు. బ్రెజిల్ మెట్ట భూముల్లో వానల మీదే ఆధారపడి, గట్లు లేకుండా పండించే రకాలున్నాయి. బంగ్లాదేశ్‌లోనైతే వరద పెరిగే కొద్దీ కాండాన్ని సాగదీసుకుంటూ, రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా కూడా ఎదిగే లోతునీటి రకాలున్నాయి.

ఇన్ని చోట్ల ఇమిడిన వరికి అసలు హద్దు నీటి కంటే ఎక్కువగా ఉష్ణోగ్రత. పొట్ట దశలో, అంటే వెన్ను ఇంకా కాండం లోపలే ఉన్నప్పుడు, చలి తగిలితే పుప్పొడి సరిగా తయారు కాదు. వెన్ను బయటికి వచ్చాక ఒక్కో పువ్వు ఉదయం పూట గంటా రెండు గంటల సేపే విచ్చుకుంటుంది. ఆ కాస్త సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే పరాగ సంపర్కం దెబ్బతిని గింజలు తాలుగా మిగులుతాయి. పైరు ఎంత ఏపుగా ఉన్నా ఆ నష్టం తరువాత పూడదు. అందుకే శాస్త్రవేత్తలు ఒక అడవి వరి జాతి నుంచి పొద్దు ఎక్కకముందే పూసే లక్షణాన్ని తీసుకుని, వేడి ప్రాంతాల కోసం సాగు రకాల్లోకి చేర్చారు.